పిడచగట్టిన నోరు: లాలాజల గ్రంథుల వయసు గురించి స్కాన్ చెప్పేదెంత

“నోరు పిడచగట్టుకుపోతా ఉంది నాయనా, సంగటి ముద్ద గొంతు దిగటంలేదు.” హనుమంతునిపాడు, కనిగిరి, వెలిగండ్ల వైపు పల్లెల్లో డెబ్బై దాటిన మనిషి ఈ బాధను ఇంచుమించు ఇలాగే చెప్పుకుంటారు. వినేది కొడుకైనా, కోడలైనా, మందులిచ్చే మనిషైనా వచ్చే జవాబూ తెలిసిందే: వయసైపోయింది కదా. ఆ జవాబుకు ఇప్పుడు ఒక కాగితం కూడా తోడవుతోంది. మెడలో గడ్డ తగిలిందనో, తల తిరిగి పడిపోయారనో పట్నం తీసుకెళ్లి స్కాన్ చేయిస్తే, లాలాజల గ్రంథుల్లో కొవ్వు చేరింది, వయసుతో వచ్చిన మార్పు అని రిపోర్టులో ఒక వాక్యం కనిపించవచ్చు. ఇంటివాళ్లు రెండింటినీ ముడివేస్తారు. గ్రంథి కొవ్వుపట్టింది, అందుకే ఉమ్ము ఊరడం లేదు, వయసు చేసిన పనికి మందు లేదు అనుకుంటారు. ఈ మూడింట్లో మొదటి మాటకు గట్టి సాక్ష్యం ఉంది. రెండోది సగమే నిలుస్తుంది. మూడోది చాలామంది విషయంలో నిలవదు.

ముందు గ్రంథుల సంగతి. చెవి ముందు నుంచి దవడ మూల దాకా పరుచుకుని ఉండేది పెరోటిడ్ గ్రంథి. గవదబిళ్లలు వచ్చినప్పుడు ఉబ్బేది ఇదే కాబట్టి పేరు తెలియకపోయినా ఈ గ్రంథి అందరికీ పరిచయమే. దవడ ఎముక కింద ఒకటి, నాలుక కింద ఒకటి ఉంటాయి. పాఠ్యపుస్తకాలు వీటిని అధోజంభిక, అధోజిహ్విక గ్రంథులంటాయి. మూడూ రెండు వైపులా ఉండే జతలే. ఇవిగాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో చిన్న గ్రంథులు వందల్లో ఉంటాయి. అన్నీ కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఇస్తాయి.

ఈ గ్రంథుల మధ్య పని పంపకం ఉంది, మున్ముందు మన లెక్కకు అదే కీలకం. ఏమీ తిననప్పుడు, ముఖ్యంగా రాత్రివేళ, నోటిని తడిగా ఉంచే లాలాజలంలో దాదాపు మూడింట రెండు వంతులు దవడ కింది గ్రంథులదే. చింతకాయ పచ్చడి నాలుకకు తగిలినప్పుడు, రొట్టె నమిలేటప్పుడు ఒక్కసారిగా ఊరే నీటిలో పెద్ద వాటా పెరోటిడ్‌ది. అందుకే పగలు భోజనం బాగానే చేసిన మనిషి రాత్రి రెండు గంటలకు నాలుక అంగిటికి అతుక్కుపోయి నీళ్లకోసం లేస్తారు. ఇందులో వింతేమీ లేదు, ఒక్కో వేళ ముందుండి పనిచేసే గ్రంథి వేరు.

కనిగిరి వైపు మనుషుల ఎముకలను ఎక్స్‌రేలో చూసిన చరిత్ర చాలా పాతది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు, పళ్లకు వచ్చే జబ్బు) గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వాళ్లు చూసిన రోగులు అప్పటి నెల్లూరు జిల్లావాళ్లు. కనిగిరి, పొదిలి ప్రాంతాలు ఆ రోజుల్లో ఆ జిల్లాలోనే ఉండేవి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, రెండేళ్లకు ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. ఆ నలుగురిలో బర్నార్డ్ ఎక్స్‌రే వైద్యుడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో ప్రారంభమైన రేడియాలజీ సంస్థకు ఆయన పేరే ఉంది. మన మెట్ట ప్రాంతపు రైతుల వెన్నుపూసలు అతుక్కుపోయి, ఎముక సుద్దలా చిక్కబడి ఉండటాన్ని ప్రపంచం ఆ పత్రం ద్వారా చూసింది.

ఎముక పక్కనే ఉన్న లాలాజల గ్రంథి మాత్రం ఆ ఫిల్ముల్లో పడలేదు. పడే వీలూ లేదు. మామూలు ఎక్స్‌రే ఎముకను, సున్నపు రాయిని చూపిస్తుంది. మెత్తటి గ్రంథిని పక్కనున్న కండరం నుంచి విడదీయలేదు. నాళంలోకి మందు ఎక్కించి ఫొటో తీస్తే నాళాల కొమ్మలు కనిపించేవి, గ్రంథి కండ కనిపించేది కాదు. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో 1971లో తొలి మనిషికి సీటీ స్కాన్ తీసిన తర్వాతే, బతికున్న మనిషి గ్రంథి లోపలి పదార్థాన్ని అంకెల్లో కొలిచే దారి దొరికింది.

ఆ లోపు సూక్ష్మదర్శిని చెప్పాల్సింది కొంత చెప్పేసింది. ఇంగ్లండులో జాన్ స్కాట్ 1970లు, 80ల్లో మరణానంతర పరీక్షల్లో సేకరించిన గ్రంథులను పలుచటి పొరలుగా కోసి, ప్రతి పొరలో దేని వాటా ఎంతో కొలిచారు. లాలాజలాన్ని తయారుచేసే ద్రాక్షగుత్తి లాంటి కణసమూహాలు యౌవనం నుంచి వార్ధక్యానికి వచ్చేసరికి దాదాపు 30 నుంచి 40 శాతం తగ్గుతాయని ఈ కోవ అధ్యయనాలు తేల్చాయి. ఖాళీ అయిన చోట కొవ్వు, నార చేరతాయి. పెరోటిడ్‌లో కొవ్వు పాలు ఎక్కువ, దవడ కింది గ్రంథిలో నార పాలు ఎక్కువ. ఇవి వేర్వేరు వయసుల్లో పోయిన వేర్వేరు మనుషుల గ్రంథులు. ఒకే మనిషి గ్రంథి యాభై ఏళ్లలో ఎలా మారిందో వీటిలో నేరుగా కనిపించదు. ఈ పరిమితి తర్వాత వచ్చిన స్కాన్ అధ్యయనాల్లో చాలావాటికీ ఉంది.

సీటీ స్కాన్ కొలత అర్థం చేసుకోవడం కష్టం కాదు. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000 అని పెట్టుకుంటారు. కొవ్వు మైనస్ 100 దరిదాపుల్లో ఉంటుంది, కండరం 50, 60 మధ్య ఉంటుంది. పెరోటిడ్ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. ఎంత కొవ్వు కలిస్తే అంత కిందికి దిగుతుంది. దవడ కింది గ్రంథి కండరానికి దగ్గరగా ఉండి నిదానంగా దిగుతుంది. డ్రమ్మండ్, న్యూటన్, ఏబెల్ 1995లో ప్రచురించిన కొలతల్లో వయసుతో పెరోటిడ్ సాంద్రత తగ్గడం కనిపించింది. చెంపలో కొవ్వు ఎందుకు చేరాలి అని అడిగే పని లేదు. పెరోటిడ్‌లో కుర్ర వయసులో కూడా కొంత కొవ్వు ఉంటుంది. వయసు ఆ వాటాను పెంచుతుంది, అంతే.

ఎమ్మారై ఇంకాస్త సూటిగా కొలుస్తుంది. కొవ్వులోని హైడ్రోజన్, నీటిలోని హైడ్రోజన్ అయస్కాంత క్షేత్రంలో కొద్ది తేడాతో పలుకుతాయి. ఆ తేడాను పట్టుకుని రెంటినీ విడిగా చూపే పద్ధతిని థామస్ డిక్సన్ 1984లో వివరించాడు. దాని వల్ల గ్రంథిలో కొవ్వు నూటికి ఎంతో లెక్కకట్టవచ్చు. తైవాన్ పరిశోధకులు ఆరోగ్యవంతుల పెరోటిడ్ గ్రంథులను ఎమ్మారైతో కొలిచి 2014లో ఫలితాలు ప్రకటించారు. కొవ్వు వాటా వయసుతో పాటు శరీర బరువును బట్టీ, ఆడా మగా అన్నదాన్ని బట్టీ మారుతుందని అందులో తేలింది. ఈ పత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన సంగతి బరువు సంగతే. లావుగా ఉన్న నలభై ఏళ్ల మనిషి గ్రంథి, బక్కపలుచని డెబ్బై ఏళ్ల మనిషి గ్రంథి స్కాన్‌లో ఒకేలా కనిపించగలవు. కొవ్వు ఉంది కాబట్టి వయసే కారణమని రిపోర్టులో రాసేటప్పుడు, ఆ మనిషి బరువు చూశారా అని అడగాల్సి ఉంటుంది. కందిచేలో కూలికి వెళ్లి ఎండి వరుగైన శరీరాలకు, పట్నపు ఆసుపత్రుల్లో కొలిచి పెట్టుకున్న ప్రమాణాలు ఉన్నవున్నట్టు అతకవు.

అల్ట్రాసౌండ్ మన ఊళ్లకు దగ్గరలో దొరికే సాధనం, రేడియేషన్ లేనిది, ఖర్చు తక్కువ. ఆరోగ్యకరమైన గ్రంథి అందులో కండరం కన్నా తెల్లగా, ఒకే నేతలా కనిపిస్తుంది. కొవ్వు పెరిగేకొద్దీ మరింత తెల్లబడుతుంది, శబ్ద తరంగాలు లోపలికి దిగక పెరోటిడ్ లోతు భాగం మసకబారుతుంది. తెల్లబడటం వరకు వయసు ఖాతాలో వేసుకోవచ్చు. ఆ నేతలో నల్లటి మచ్చలు, జల్లెడ చిల్లుల్లాగా, రెండు వైపులా కనిపిస్తే మాత్రం దాన్ని వయసుకు కట్టబెట్టకూడదు. షోగ్రెన్ అనే జబ్బులో శరీరపు రక్షణ కణాలే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద పడతాయి. ఆ మచ్చలు దాని ఆనవాలు కావచ్చు. నడివయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుందనీ, కీళ్లు నొప్పులనీ, నోరు ఎండుతోందనీ మూడు బాధలు మూడుసార్లుగా చెప్పుకుంటే, మూడింటికీ మూడు రకాల మాత్రలు వస్తాయి తప్ప జబ్బు బయటపడదు.

ఇక్కడే కొవ్వు గురించి ఇంకో హెచ్చరిక. జపాన్‌లోని నాగసాకి పరిశోధకులు 1997లో షోగ్రెన్ రోగుల గ్రంథుల్లో వయసుకు ముందే కొవ్వు చేరడాన్ని సీటీలో, ఎమ్మారైలో చూపించారు. వాళ్లలో కొవ్వు పెరిగినచోట లాలాజలం తగ్గడం కూడా గమనించారు. అంటే ముసలితనం వేసే ముద్ర, జబ్బు వేసే ముద్ర కొంతమేర ఒకటే. నలభై అయిదేళ్ల మనిషి రిపోర్టులో డెబ్బై ఏళ్ల గ్రంథి కనిపిస్తే అది వయసు మార్పు కాదు, వెతకాల్సిన గుర్తు. బొమ్మను మనిషి వయసుతో, బరువుతో, బాధతో కలిపి చదివినప్పుడే దానికి అర్థం వస్తుంది.

ఇక అసలు ప్రశ్న: కణాల్లో మూడో వంతు పోతే లాలాజలం కూడా మూడో వంతు తగ్గాలి కదా? తగ్గలేదు. బ్రూస్ బామ్ 1981లో అమెరికాలోని బాల్టిమోర్ వార్ధక్య అధ్యయనంలో పాల్గొన్న వివిధ వయసులవారి పెరోటిడ్ నుంచి, పులుపు తగిలించినప్పుడు వచ్చే లాలాజలాన్ని కొలిచారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఆ ధార పడిపోలేదు. అంతవరకూ ముసలితనం అంటే ఎండిన నోరు అని పుస్తకాల్లో రాసుకున్న మాటకు అది పెద్ద దెబ్బ. ఆ తర్వాత ఎన్నో కొలతలు వచ్చాయి. వాటిని కలిపి 2015లో అఫూ బృందం చేసిన సమీక్షలో బొమ్మ మరింత తేటపడింది: మొత్తం నోటి లాలాజలం, దవడ కింది, నాలుక కింది గ్రంథుల లాలాజలం పెద్దవాళ్లలో తక్కువగానే ఉంది, పెరోటిడ్‌ది, చిన్న గ్రంథులది చెప్పుకోదగ్గంత తగ్గలేదు. స్కాన్‌లో కొవ్వుతో ఎక్కువ మారిపోయినట్టు కనిపించే పెరోటిడ్ పనిలో నిలబడింది. చూపుకు తక్కువ మారిన దవడ కింది గ్రంథి వెనకబడింది. రిపోర్టు చదివి భయపడే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా గందరగోళం తప్పుతుంది.

దీన్ని వివరించడానికి పరిశోధకులు వాడే ఊహ ఒకటుంది, నాకు అది నచ్చింది: గ్రంథికి నిలవ శక్తి ఉంటుంది. గాదెలో ధాన్యం సగం ఉన్నా రోజూ వంటకు లోటు రాదు. కరువొచ్చిన ఏడు తెలుస్తుంది. గెజ్జి, షిప్ అనే ఇద్దరు 2003లో దీన్ని పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకూ పెద్దవాళ్లకూ లాలాజలాన్ని తాత్కాలికంగా తగ్గించే గ్లైకోపైరోలేట్ మందు ఇచ్చి చూస్తే, పెద్దవాళ్లలో దెబ్బ ఎక్కువగా తగిలింది. వయసు ఒక్కటే నోటిని ఎండగట్టదు. వయసు మీద ఇంకో బరువు పడినప్పుడు గ్రంథి తట్టుకోలేదు. ఆ బరువు ఏమిటో వెతకడమే వైద్యం.

హనుమంతునిపాడులో ఆ బరువులకు కొదవ లేదు. మొదట మందులు. కీళ్లు, నడుము పట్టేసిన ఈ నేల మీద నొప్పికీ, నిద్రకూ రాసే అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు లాలాజలానికి సూటిగా అడ్డుపడతాయి. దురదకూ జలుబుకూ వాడే పాతతరం అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చేవి, బీపీకి నీరు లాగేసే బిళ్లలు కొంత కొంత అదే పని చేస్తాయి. ఒక్కోటి విడిగా పెద్దది కాదు, నాలుగు కలిస్తే రాత్రి నిద్ర ఉండదు. తర్వాత చక్కెర వ్యాధి. ఆ తర్వాత ఎండ. షిప్, ఫిషర్ 1997లో ఇరవై నాలుగు గంటలు అన్నం నీళ్లు లేకుండా ఉంచి చూస్తే కుర్రవాళ్లలోనూ పెద్దవాళ్లలోనూ పెరోటిడ్ ధార తగ్గింది. 1984లో ఫిలిప్స్ బృందం చూసిన మరో సంగతి ఇంకా కలవరపెడుతుంది: ఇరవై నాలుగు గంటలు నీళ్లు లేకుండా ఉన్న తర్వాత, ఒంట్లో నీరు ఎక్కువ తగ్గినా, ఆరోగ్యవంతులైన వృద్ధులకు దాహం తక్కువ వేసింది, నీళ్లిచ్చినా వాళ్లు తక్కువే తాగారు. మే నెలలో అరుగు మీద కూర్చున్న పెద్దాయన నీళ్లు అడగలేదంటే అవసరం లేదని కాదు.

నీళ్ల ప్రస్తావన వచ్చాక ఫ్లోరైడ్ దగ్గర ఆగక తప్పదు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మేలు, వేరే నీరు లేకపోతే 1.5 దాకా సరే అని భారత ప్రమాణం. కనిగిరి చుట్టుపక్కల చాలా బోరుబావులు ఈ గీత దాటాయి, పళ్ల మీద గార, వంగని నడుము దానికి సాక్ష్యం. లాలాజలంలో ఫ్లోరైడ్ పాళ్లు రక్తంలోని పాళ్లను అనుసరిస్తాయి. ఎలుకలకు ఎక్కువ మోతాదులో ఇచ్చిన ప్రయోగాల్లో గ్రంథి కణాలకు హాని కనిపించింది. ఇక్కడి నుంచి మన పెద్దవాళ్ల ఎండిన నోటికి ఫ్లోరైడే కారణమని దూకడం తప్పు. ఎలుక ప్రయోగపు మోతాదు వేరు, బతుకంతా తాగిన బావినీరు వేరు. ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి నొప్పులు ఎక్కువ, నొప్పులున్న మనిషికి మాత్రలు ఎక్కువ, మాత్రలతో నోరు ఎండుతుంది. ఈ పక్క దారి ఒక్కటి చాలు, రెండూ ఒకేచోట కనిపించడానికి. గ్రంథి మీద నేరుగా పడిన దెబ్బను తేల్చాలంటే ఒకే వయసు, ఒకే బరువు, ఒకే రకం మందులు ఉండి, తాగిన నీరు మాత్రమే వేరుగా ఉన్న రెండు ఊళ్లవాళ్లను పక్కపక్కన పెట్టి కొలవాలి. పామూరు, చంద్రశేఖరపురం, హనుమంతునిపాడు మండలాల పల్లెల్లో అలాంటి అధ్యయనానికి చోటుంది, అల్ట్రాసౌండ్ పెట్టె, లాలాజలం పట్టే గ్లాసు ఉంటే మొదలుపెట్టవచ్చు.

కిడ్నీ జబ్బు విషయం ఇంతకన్నా గట్టిగా చెప్పవచ్చు. ఉద్దానం తర్వాత కనిగిరి ప్రాంతం పేరు పత్రికల్లో ఏళ్ల తరబడి ఈ జబ్బుతోనే వస్తోంది. డయాలసిస్ మీద ఉన్నవారికి రోజుకు తాగే నీళ్ల లెక్క కట్టుదిట్టంగా ఉంటుంది, పైగా నోరెండుతుంది. నెదర్లాండ్స్‌లో బాట్స్ బృందం 2004లో రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువుకూ, ఎండిన నోటికీ, దాహానికీ సంబంధం ఉందని చూపించింది. నోరెండితే తాగుతారు, తాగితే ఒళ్లు ఉబ్బుతుంది, గుండెకు భారమవుతుంది. మరుసటి ఏడు అదే బృందం చూయింగ్ గమ్ నమలడం వల్ల దాహమూ, నోటి ఎండుదనమూ తగ్గడం గమనించింది. చక్కెర లేనిది ఎంచుకోవాలి. మన దగ్గర నోరూరడానికి ఉసిరి, చింతపండు చప్పరించడం అలవాటు. కిడ్నీ రోగులకు ఉప్పు, పొటాషియం లెక్కలు అడ్డం వస్తాయి కాబట్టి ఆ చిట్కా డాక్టరును అడిగి చేసుకోవాల్సిందే. లాలాజలం తగ్గిన నోట్లో పులుపు పళ్లను కూడా తినేస్తుంది.

స్కాన్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. భోజనం మొదలుపెట్టగానే దవడ కింద ఒకవైపు ఉబ్బి, నొప్పి పెట్టి, గంటకు తగ్గిపోతుంటే నాళంలో రాయి ఉండవచ్చు. లాలాజల రాళ్లలో దాదాపు 80 శాతం దవడ కింది గ్రంథిలోనే పుడతాయి, అల్ట్రాసౌండ్‌తో చాలావరకు దొరుకుతాయి. చుట్ట, బీడీ తాగిన పెద్దవాళ్లలో చెవి కింద మెత్తటి గడ్డ, ఒక్కోసారి రెండు వైపులా, వస్తే అది వార్తిన్ కంతి కావచ్చు. చాలామట్టుకు ప్రాణహాని లేనిదే అయినా చూపించాలి. ఇలాంటి గడ్డ విషయంలో వయసు తెచ్చిన కొవ్వు సాయం కూడా చేస్తుంది, సీటీలో నల్లటి కొవ్వు నేపథ్యం మీద గడ్డ ఇట్టే తేలుతుంది. ముఖం ఒక పక్క లాగేస్తున్నా, గడ్డ రాయిలా గట్టిపడినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఇంకోటి: వయసుతో చర్మం, దాని కింది పొర సడలి దవడ కింది గ్రంథి కాస్త జారి మెడ మీద ఉబ్బుగా కనిపిస్తుంది. కొత్త గడ్డ అనుకుని కంగారుపడి వచ్చేవాళ్లకు అల్ట్రాసౌండ్ అయిదు నిమిషాల్లో ధైర్యం చెప్పగలదు.

ఉత్త నోటి ఎండుదనానికి మాత్రం సీటీతో మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. కాలిన్ డాస్ 1987లో చెప్పినట్టు, ఏమీ తినని వేళ ఊరే లాలాజలం ఆ మనిషికి మామూలుగా ఉండేదానిలో సగానికి పడిపోయినప్పుడు నోరు ఎండినట్టు తెలుస్తుంది. లాలాజలం ఎంత ఊరుతోందో స్కాన్ చెప్పలేదు, గ్లాసు చెబుతుంది. పొద్దున్నే కాఫీ తాగకముందు, వక్కాకు వేసుకోకముందు, కదలకుండా కూర్చుని పావుగంట సేపు నోట్లో చేరిన నీటిని మింగకుండా చిన్న కొలగ్లాసులోకి వదలాలి. నిమిషానికి 0.1 మిల్లీలీటరు, అంటే పావుగంటకు 1.5 మిల్లీలీటర్లు, అంతకు తక్కువైతే గ్రంథులు నిజంగా వెనకబడ్డాయి. ఆ అంకె పక్కన వాడుతున్న మాత్రలన్నిటి పేర్లూ, చివరిసారి చూసిన షుగరు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మాత్రల సంచీ మొత్తం వెంట తీసుకెళ్లాలి, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నవి కూడా.